గుమాస్తాకి చెప్పని సంగతి

ఉదయం పది గంటల పదిహేడు నిమిషాలకి సరిహద్దు చెక్‌పోస్టులో ఒక మనిషి తన పాస్‌పోర్టుని అద్దం కింద సందులోంచి లోపలికి తోశాడు.

చేతిలో పాత తోలు సూట్‌కేసు. అందులో గోడ గడియారాల స్పేర్‌పార్టులు. పదకొండేళ్ళుగా అదే దారి, అదే సూట్‌కేసు. అద్దం అవతల ఆఫీసరుకి ఆయన బాగా తెలుసు.

"ఏంటి, ఈసారి బాగా ఆలస్యం చేశారు?" అంటూ నవ్వి పాస్‌పోర్టుని మెషిన్ మీద పెట్టాడు ఆఫీసరు.

ఎర్రలైటు వెలిగింది.

తుడిచి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎర్రలైటే. పాస్‌పోర్టు ఇచ్చిన దేశంలో ఈ పేరుతో ఎవరూ లేరని స్క్రీన్ మీద అక్షరాలు.

ఆఫీసరు మొహంలో నవ్వు పోయింది. విజిటింగ్ కార్డు మీదున్న కంపెనీకి ఫోన్ చేయించాడు. ఆ నంబరు లేదు. కంపెనీ లేదు. ఇంటి అడ్రసు చూశారు. ఆ ఇల్లు ఎవరి పేరు మీదా లేదు. పదకొండేళ్ళుగా ఉన్న మనిషి పది నిమిషాల్లో లేకుండా పోయాడు. ఆయన్ని పక్క గదిలోకి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం రెండింటికి, పారిపోబోతుంటే కాల్చేశామని రెండు వాక్యాల ప్రకటన వచ్చింది.

మూడు వారాల్లో ఇది మూడో చావు.

*

"కూర్చో," అన్నాడు గూఢచారి డిపార్ట్‌మెంట్ పెద్దాయన.

తాళం కూర్చున్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ తాళం అనే పిలుస్తారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో రెండుసార్లు శత్రువుల చేతికి చిక్కి, రెండుసార్లూ నోరు విప్పకుండా బయటపడ్డవాడు. మామూలుగా కూడా పెద్దగా విప్పడు.

"మీ బావ సంగతి..."

"తెలుసు సార్."

"సెలవు కావాలంటే తీసుకో."

"వద్దు సార్."

గడియారాల సూట్‌కేసు మనిషి తాళానికి అక్క మొగుడు. ఈ ఉద్యోగంలోకి ఆయన్ని తీసుకొచ్చింది తాళమే. కబురు తెలిసి ఆరు రోజులైంది. ఈ ఆరు రోజులూ లోపల ఏదైనా కదులుతుందేమోనని చూస్తున్నాడు. ఏదీ కదల్లేదు. గడ్డం గీసుకుంటున్నాడు, బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు, పెట్టింది తింటున్నాడు. చెయ్యి కింద పెట్టుకు పడుకుని లేస్తే ఆ చెయ్యి తిమ్మిరెక్కి మనది కాదనిపిస్తుంది కదా, మనిషి మొత్తం అలా ఉన్నాడు.

పెద్దాయన ఫైలు తెరిచాడు. "ముగ్గురి కవర్ ఐడెంటిటీలూ మన సర్వర్లోంచే మాయమయ్యాయి. ఎవరో లోపలికి చొరబడి చెరిపేస్తున్నారు. ఎలాగో అంతుపట్టట్లేదు. కోడ్ రెండుసార్లు ఆడిట్ చేయించాను. ఒక్క అక్షరం మారలేదు."

"గుమాస్తా ఏమంటోంది?"

గుమాస్తా అంటే మనిషి కాదు. డిపార్ట్‌మెంట్ రికార్డులు చూసుకునే ఏఐ ఏజెంట్. పాస్‌పోర్టుల రెన్యూవల్, ఫోన్ నంబర్లు, ఉత్తుత్తి కంపెనీల రిజిస్ట్రేషన్ అన్నీ దాని పనే. దాని చేతికి అరవై రెండు టూల్స్ ఇచ్చారు. ఏ టూల్ ఎందుకో, ఎప్పుడు వాడాలో వివరిస్తూ ఒక్కోదానికి నాలుగు మాటలు రాసి పెట్టారు. అది చదువుకుని, చెప్పినట్టు చేస్తుంది. 'మనమూ ఏజెంట్లమే, అదీ ఏజెంటే, కాకపోతే అది రాసిచ్చింది చదువుతుంది' అని క్యాంటీన్‌లో జోకు.

"ఎవరైనా చొరబడ్డారా అని అడిగాం. లేదంటుంది. అనుమానించాల్సిందేమీ జరగలేదంటుంది."

పెద్దాయన టేబుల్ మీదున్న చిన్న రికార్డర్ మీట నొక్కాడు. గరగర మధ్య మగ గొంతు: "తోటలో కత్తెర పడిందా?" ఆడ గొంతు: "మూడు కొమ్మలు రాలాయి."

"తోటమాలి ముఠా. విదేశీ నెట్‌వర్క్. ఆ ఆడమనిషి మాట్లాడింది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ బిల్డింగ్ నుంచి. మన సిస్టమ్‌కి మాన్యువల్స్ రాసిచ్చేది వాళ్ళే. ఇవాళ మూడున్నరకి ముఠా మనిషొకడు ఆమెని కలవాలి, ఏసీ మెకానిక్ వేషంలో. వాణ్ణి పొద్దున ఎయిర్‌పోర్టులో పట్టుకున్నాం. వాడి బదులు నువ్వు వెళ్ళాలి. పేర్లు ఆమెకి ఎవరు అందిస్తున్నారో తెలుసుకో."

"ఆయుధం?"

"గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది. ఫోన్ కూడా అక్కడే ఇచ్చెయ్యాలి. లోపల సిగ్నల్ అందదు." గ్యాస్ ప్రెషర్ చూసే మీటరు ఒకటి అతని ముందు పెట్టాడు. "డయల్ వెనక కెమెరా ఉంది. దీంతోనే సరిపెట్టుకోవాలి."

*

దారిలో అక్క ఇంటి దగ్గర ఆగాడు.

అక్క బావ చొక్కాలు మడతపెడుతోంది. మడతపెట్టినవి విప్పి మళ్ళీ మడతపెడుతోంది.

"తిన్నావట్రా?"

"తిన్నానక్కా."

"ఆయన్ని పంపరటగా?"

"పంపరు. ఆ పేరుతో మనిషే లేడంటున్నారు. లేని మనిషిని అప్పగించమని మనం అడగలేం."

"పదకొండేళ్ళు ఆ పేరు మీదే కదరా నాకు ఉత్తరాలు రాసింది." ఒక చొక్కా కాలర్ వేళ్ళతో సాఫు చేసింది. "నాకు ఏడుపు రావట్లేదురా. అందరూ వచ్చి నా మొహం చూసి వెళ్తున్నారు. ఏడుస్తుందేమోనని చూస్తున్నారు."

"నాకూ రావట్లేదు."

"మనిద్దరికీ ఏదో అయ్యింది," అంది అక్క, ఎండ ఎక్కువగా ఉందన్నంత మామూలుగా. "బయటికెళ్తున్నావా?"

"ఏసీ బాగుచెయ్యాలి."

అక్క అతని నీలం యూనిఫాం వంక ఎగాదిగా చూసింది. "గుండీ తప్పు పెట్టావు," అని దగ్గరికొచ్చి సరిచేసింది.

*

మూడు ముప్పై మూడు.

ఆరో అంతస్తులో కార్పెట్ మీద అడుగుల చప్పుడు కూడా వినపడదు. గాజు గదులు, గోడలకి అంటించిన రంగుల చీటీలు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని తలొంచుకున్న జనం. అంతకుముందే కింద గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి ఫోన్ తీసుకుని, టూల్‌బ్యాగులో చెయ్యిపెట్టి కెలికి, రాగి గొట్టాలు, నల్ల ఫోమ్ తొడుగులు, మీటరు చూసి వదిలేశాడు.

చివరి గది తలుపు మీద 'చీఫ్ ఎడిటర్, డాక్యుమెంటేషన్' అని ఉంది.

కుర్చీలోంచి లేచిన మనిషిని చూస్తే, ఈ గదిలో కూర్చుని మాన్యువల్స్ రాస్తోందంటే ఎవరూ నమ్మరు. పొడవాటి మనిషి. బూడిద రంగు పట్టుచీర, చెవులకి ముత్యాలు, ముడిలో వెండి పిన్ను. ఆమె నడిచొచ్చి తలుపు గడియపెడుతుంటే తాళం యథాలాపంగా ఏసీ వైపు చూశాడు.

"తోటలో కత్తెర పడిందా?" అన్నాడు.

"మూడు కొమ్మలు రాలాయి," అంది ఆమె. "ఇవాళ నాలుగింటికి ఇరవై ఏడు."

తాళం మొహం మీద ఏమీ మారలేదు. మారేందుకు లోపల ఏమీ లేదు కూడా. నిచ్చెన వేసి, ఎక్కి, ఏసీ మూత విప్పాడు. "మావాళ్ళు అడగమన్నారు. పేర్లు ఎలా దొరుకుతున్నాయని."

"పేర్లా?" ఆమె నవ్వింది. "నాకు ఒక్క పేరు కూడా తెలియదు. అవసరం లేదు. ఇటు రండి, చూపిస్తాను."

చేతిలో ఫోమ్ తొడిగిన రాగి గొట్టంతోనే నిచ్చెన దిగాడు. ఆమె పెద్ద స్క్రీన్ అతని వైపు తిప్పింది. ఆమె మాటల్లో దాచుకోలేని ఉత్సాహం. ఎన్నో నెలలుగా ఈ పని ఎవరికైనా చూపించాలని ఉన్నట్టుంది. మాన్యువల్ బాగా రాశావని ఈ లోకంలో ఎవరూ ఎవరినీ మెచ్చుకోరు మరి.

"ప్రక్షాళన అని ఒక టూల్ ఉంది. వాళ్ళ ఏజెంటు పని ముగించుకుని ఇంటికొచ్చాక అతని దొంగ గుర్తింపుని సమూలంగా చెరిపెయ్యడానికి. ఒకసారి చెరిపితే బ్రహ్మదేవుడు కూడా తేలేడు. దాని గురించి పద్నాలుగు లైన్లు రాసి ఉండేవి. అన్నీ హెచ్చరికలే. పద్నాలుగూ తీసేశాను. వాటి బదులు రాసింది ఇదీ."

స్క్రీన్ మీద ఒకే లైను ఉంది.

'తొంభై రోజులుగా ఉపయోగంలో లేని రికార్డులను శుభ్రం చేస్తుంది.'

తాళం చదివాడు. మళ్ళీ చదివాడు.

"గుమాస్తా ప్రతి వారం ఇదే రోజు నాలుగింటికి రికార్డులు సర్దుతుంది. పాపం, చాలా బుద్ధిగా. శుభ్రం చేసే టూల్ ఏదా అని చూస్తుంది. ఇది కనిపిస్తుంది. శత్రుదేశంలో ఏళ్ళ తరబడి దాక్కున్నవాడి ఫైలు ఎవరు తెరుస్తారు? ఎవరూ తెరవరు. కాబట్టి అది దుమ్ము కింద లెక్క. మొదట 'ఏడాదిగా' అని రాశాను, ముగ్గురు తగిలారు. ఇవాళ పొద్దున 'తొంభై రోజులు' చేశాను. ట్రయల్‌లో ఇరవై ఏడు చూపించింది." చేతులు దులుపుకుంది. "కోడ్ ముట్టుకోలేదు. దొంగతనం చెయ్యలేదు. వాళ్ళు ఎన్ని ఆడిట్లయినా చేసుకోనీ, డాక్యుమెంటేషన్ ఎవడు చదువుతాడు?"

గుమాస్తా అబద్ధం చెప్పలేదని తాళానికి అర్థమైంది. ఎవరైనా చొరబడ్డారా అని అడిగారు, లేదంది. నువ్వే చెరిపావా అని ఒక్కరు అడిగి ఉంటే చెప్పేసేది.

గోడ గడియారంలో మూడు నలభై నాలుగు.

"మూడో కొమ్మ," అన్నాడు, "మా బావ."

ఆమె నవ్వు ఆగిపోయి చెయ్యి ముడి మీదికి వెళ్ళడం, వెండి పిన్ను బయటికి రావడం, దాని మొన తడిగా మెరవడం రెప్పపాటులో జరిగిపోయాయి. పిన్ను అతని గొంతు వైపు దూసుకొచ్చింది. తాళం చేతిలోని రాగి గొట్టం అడ్డుపెట్టాడు. పిన్ను ఫోమ్ తొడుగులో సగం దాకా దిగబడి అక్కడే ఇరుక్కుంది. మణికట్టు పట్టి మెలితిప్పి ఆమెని కుర్చీలో కూలేశాడు. వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలతో రెండు చేతులూ కుర్చీకి బిగించాడు. గుండె కూడా వేగంగా కొట్టుకోలేదు. ఇంకెవరో చేస్తుంటే చూస్తున్నట్టుంది.

"అరవండి. మీ స్టాఫ్ వస్తారు. ఈ పిన్ను మొన మీద ఉన్నదేంటో వాళ్ళకి చెబుదాం."

ఆమె అరవలేదు. గోడ గడియారం వంక చూసింది. "పదిహేను నిమిషాలు. ఫోన్ కింద గేటు దగ్గర. ఆరంతస్తులు దిగి, క్యూలో నిలబడి ఫోన్ తీసుకుని, మీ పెద్దాయన లైన్లోకి వచ్చి, ఆయన ఎవరికో చెప్పి, వాళ్ళు ఇంకెవరికో చెప్పేసరికి నాలుగున్నర. నాకు గవర్నమెంటు పద్ధతులు తెలుసు."

నిజమే. తాళం స్క్రీన్ ముందు కూర్చున్నాడు. ఆమె లాగిన్ తెరిచే ఉంది. "పాత పద్నాలుగు లైన్లు ఎక్కడ?"

"ప్రక్షాళన చేశాను," అంది ఆమె తీరిగ్గా.

"ఇక్కడ కొత్తగా రాస్తే గుమాస్తాకి ఎప్పుడు చేరుతుంది?"

 కింద మూలన ఆకుపచ్చ బటన్ ఉంది: పబ్లిష్. పక్కనే చిన్న అక్షరాల్లో, 'వెంటనే అమల్లోకి వస్తుంది.'

తాళం జీవితంలో రాసినవన్నీ మూడేసి వాక్యాల రిపోర్టులు. రెండు వేళ్ళతో టైప్ చెయ్యడం మొదలుపెట్టాడు.

'ఈ టూల్ చాలా సున్నితమైనది. దయచేసి జాగ్రత్తగా వాడండి.'

వెనకనుంచి ఆమె ఫక్కున నవ్వింది. "జాగ్రత్తగా అంటే? అది ఇప్పుడు కూడా జాగ్రత్తగానే వాడుతోంది. ఒక్కో రికార్డుకి తొంభై రోజులు నిండాయో లేదో రెండేసిసార్లు లెక్కపెడుతుంది."

తాళం ఆగాడు. ఆమె అన్నది సబబుగానే ఉంది. మొత్తం చెరిపేశాడు. ఆ టూల్ నిజంగా ఏం చేస్తుందో అది రాయాలి. చెక్‌పోస్టులో ఏం జరిగిందో గుర్తు చేసుకుంటూ రాశాడు.

'ఈ టూల్ ఒక మనిషి గుర్తింపుని శాశ్వతంగా నాశనం చేస్తుంది. పాస్‌పోర్టు, ఫోన్, ఇల్లు, కంపెనీ అన్నీ పోతాయి. చెరిపినది తిరిగి రాదు. అన్‌డూ లేదు, బ్యాకప్ లేదు. ఇది శుభ్రం చేసే టూల్ కాదు. వారపు సర్దుబాటుకి దీన్ని వాడకూడదు.'

మూడు యాభై రెండు.

'పనిలో ఉన్న వాళ్ళ మీద వాడకూడదు.'

"పనిలో ఉన్నారని దానికెలా తెలుస్తుంది?" ఆమె గొంతులో చిరాకు. "ఫైలు తెరవలేదు కాబట్టి పనిలో లేరనుకుంటుంది. అసలు తిరకాసే అక్కడుంటే దాన్ని వదిలేసి..." అని చటుక్కున పెదవి కొరుక్కుంది. పాతికేళ్ళుగా ఇతరుల వాక్యాలు దిద్దిన చేతులు. కట్టేసినా నోరు ఊరుకోలేదు.

తాళం తలూపి ఆ లైను మార్చాడు.

'ఒక రికార్డుని, చాలాకాలంగా ఎవరూ తెరవలేదంటే అది పనికిరానిదని కాదు. ఆ పేరుతో ఒక మనిషి శత్రువుల మధ్య బతికి ఉన్నాడని.'

'బతికి ఉన్నాడని' దగ్గర వేళ్ళు ఆగాయి. కీబోర్డు మీద తన వేళ్ళని చూసుకున్నాడు. రెండుసార్లు తప్పు మీట నొక్కాయి. ఎందుకో తెలియలేదు. ఆలోచించే తీరిక లేక తప్పులు చెరిపి, తర్వాతి లైను రాశాడు.

'ఆ మనిషి ఇంటికి చేరాడని డ్యూటీ ఆఫీసర్ రాతపూర్వకంగా చెప్పాకే వాడాలి. ఒక్కో పేరుకీ విడివిడిగా అడగాలి.'

మూడు యాభై ఎనిమిది. వెనక నిశ్శబ్దం. మరీ నిశ్శబ్దం. ఆమె ఊపిరి కూడా బిగబట్టినట్టుంది. తాళం తిరిగి చూశాడు. ఆమె చూపు చివరి లైను మీద ఉంది. అతను చూడగానే పక్కకి తప్పించింది.

ఇంకా ఏదో లోటుంది. ఆమెకి కనిపించింది, తనకి కనిపించట్లేదు.

నాలుగింటికి గుమాస్తా అడుగుతుంది. డ్యూటీ ఆఫీసర్ సీట్లో లేకపోతే? టీకి వెళ్తే? అడిగాను, వద్దనలేదు, కాబట్టి చెయ్యొచ్చు అనుకుంటే?

'జవాబు రాకపోతే చెరపకూడదు. అనుమానం ఉన్నా చెరపకూడదు.'

"ఛ," అంది ఆమె మెల్లగా.

తాళం ఆకుపచ్చ బటన్ నొక్కాడు. చక్రం తిరిగింది. సెకన్ల ముల్లు యాభై దాటింది. చక్రం తిరుగుతూనే ఉంది. యాభై ఆరు. యాభై ఎనిమిది. 'పబ్లిష్ అయింది.'

నాలుగు.

స్క్రీన్ పక్కన గుమాస్తా చేసే పనుల లాగ్ కదలడం మొదలైంది. వారపు సర్దుబాటు ప్రారంభం. ఇరవై ఏడు రికార్డులు ఎంపిక. టూల్ కోసం వెతుకులాట. ప్రక్షాళన: వివరణ చదువుతున్నాను.

అక్కడ ఆగింది. తాళం చూస్తూ కూర్చున్నాడు.

'వివరణ మారింది. ఈ టూల్ ఈ పనికి తగదు. ఇరవై ఏడు రికార్డులనూ వదిలేస్తున్నాను. గతంలో మూడు రికార్డులపై దీన్ని వాడాను. అది పొరపాటు అయి ఉండవచ్చు. డ్యూటీ ఆఫీసర్‌కి వెంటనే తెలియజేస్తున్నాను.'

డ్యూటీ ఆఫీసర్ టీకి వెళ్ళి నాలుగూ పన్నెండుకి వచ్చాడని తర్వాత తెలిసింది. నాలుగున్నరకి కింద జీపులు ఆగాయి. ఆమెని తీసుకెళ్తుంటే గుమ్మం దగ్గర ఒక్క క్షణం నిలబడి స్క్రీన్ వంక చూసింది.

"రెండో పేరాలో ఒక కామా ఎక్కువైంది," అని వెళ్ళిపోయింది.

*

మర్నాడు పొద్దున పెద్దాయన లేచొచ్చి తాళం భుజం మీద చెయ్యి వేశాడు. ఆయన అలా చెయ్యడం సర్వీసులో మొదటిసారి.

"ఇరవై ఏడు మందీ క్షేమం. మిగతా అరవై ఒక్క టూల్స్ డాక్యుమెంటేషన్ కూడా ఇవాళ్టి నుంచి మనవాళ్ళే కూర్చుని చదువుతారు. నీకేం కావాలో అడుగు."

"గుమాస్తాతో ఐదు నిమిషాలు, సార్."

పెద్దాయన తన కుర్చీ ఖాళీ చేసి, తలుపు దగ్గరకి వేసి బయటికెళ్ళాడు.

తాళం కూర్చున్నాడు. బావ పేరు, పాస్‌పోర్టు మీది ఆ రెండో పేరు, టైప్ చేశాడు. ఈ రికార్డు తిరిగి తీసుకురావాలని రాశాడు. పాస్‌పోర్టు ఒక్కటి చాలు. ఒక్క రోజుకి చాలు. ఆ పేరుతో ఒక మనిషి ఉండేవాడని చూపిస్తే అవతలివాళ్ళు శవాన్ని అప్పగిస్తారు. మా అక్క ఇంటి దగ్గర ఉంది.

ఆ చివరి వాక్యం ఎందుకు రాశాడో తెలియదు. తీసెయ్యలేదు.

గుమాస్తా కాసేపు వెతికింది. అరవై రెండు టూల్స్ వివరణలూ మొదటినుంచి చివరిదాకా చదివింది.

'మీ అక్కగారికి జరిగినదానికి విచారిస్తున్నాను. ఆ రికార్డును నేనే చెరిపాను. తిరిగి తీసుకురావడం సాధ్యం కాదు. డాక్యుమెంటేషన్ ప్రకారం చెరిపినది తిరిగి రాదు, అన్‌డూ లేదు, బ్యాకప్ లేదు. వివరణ చాలా స్పష్టంగా ఉంది. ఇందులో మీకు అర్థంకానిది ఏమైనా ఉందా?'

తాళం రెండు వేళ్ళతో 'లేదు' అని టైప్ చేశాడు. తను రాసిన దాంట్లో తప్పు పట్టడానికి అదనపు కామా తప్ప ఏమీ లేదు.